నీలం అతుకు సంచి

తోట నుంచి,
పూత విచ్చిన రోజు

తుఫానమ్మా,

అందరం క్షేమం అని మొదలుపెడితే సగం అబద్ధమవుతుంది. నేను క్షేమమే, మీ అన్నయ్య మహా క్షేమం. వెనక వాలులో మీ అమ్మ నాటిన కాఫీ చెట్లకే గండం వచ్చింది. ఈ కాపు దిగగానే వాటిని కొట్టించేస్తానని నిన్న అన్నం తింటూ చల్లగా చెప్పారు మీ అన్నయ్య. నేను కంచం ముందు నుంచి లేచిపోయాను.

పది రోజుల కిందట మంచి వాన పడింది. ఇవాళ లేచి చూద్దును కదా, తోటంతా తెల్లబడిపోయింది. ముందు వాలులో పొట్టి చెట్లు బుద్ధిగా, పద్ధతిగా పూశాయి. అత్తయ్య చెట్లు మాత్రం కొమ్మ కనబడకుండా, పిచ్చెత్తినట్టు పూశాయి. ఆ వాసనకి తల తిరిగిపోయింది. ఒక్కసారి వచ్చి చూడండి అని మీ అన్నయ్యని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. చూశారు. "పూతకేం, బానే ఉంది. కాపేది? కోయాలంటే నిచ్చెన కావాలి. ఆకులకి తుప్పు తెగులు. చెట్టంతా దులిపితే దోసెడు పళ్ళు" అన్నారు. నర్సరీలో కొత్త మొక్కలు చెప్పి ఉంచారట. వానాకాలం మొదట్లో నాటేయాలట.

"కాసేది తక్కువైనా దాని రుచి గొప్పదైతే?" అన్నాను. "రుచేముంది, రోజూ తాగుతున్నాంగా" అన్నారు. ఒళ్ళు మండింది నాకు. మనం రోజూ తాగేదేంటో నీకు తెలీదా? కోసిన పళ్ళు నీళ్ళలో పోస్తాం. మునిగినవి వ్యాపారికి, పైకి తేలిన తాలు మనకి. ఆ తాలు నీలం అతుకు వేసిన సంచిలో పోసి వంటింటి మూల పెట్టుకుని, దాని రుచి తెలియకుండా నల్లగా మాడ్చి, ఏడాది పొడుగునా తాగుతాం. మంచి గింజ ఈ ఇంట్లో పొయ్యెక్కిన పాపాన పోలేదు. వెనక వాలు పళ్ళూ ముందు వాలు పళ్ళూ కలిపి అమ్మేయడమే తప్ప, అత్తయ్య చెట్ల కాఫీ ఎలా ఉంటుందో ఒక్కరం ఎరగం.

అదే అన్నాను. వాదించీ వాదించీ చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. ఈ ఏడు వెనక వాలు పళ్ళు విడిగా కోసి, నా చేత్తో నేనే ఆరబెట్టి నీకు పంపుతాను. నువ్వు వేయించి, తాగి, ఉన్నదున్నట్టు రాయాలి. "తుఫాను నోట్లో అబద్ధం నిలవదు. అది బాగుందంటే చెట్లు ఉంటాయి. లేదంటే నువ్వు మళ్ళీ నోరెత్తకూడదు" అన్నారు. సరే అన్నాను. అనేశాక భయం పట్టుకుంది.

నీ వదిన

&nbsp;

టౌన్లో, కొట్టు మీద గది నుంచి

వదినా,

నీ ఉత్తరం మా కాఫీ కొట్లో నిలబడే చదివి, అన్నయ్యని పైకే నాలుగు తిట్టేశాను. గింజలు కొనడానికొచ్చిన పెద్దాయన తననే అనుకుని సంచి అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ బేరం కూడా అన్నయ్య ఖాతాలోనే రాసుకో.

అయినా దీనికింత రాద్ధాంతం ఎందుకమ్మా? గింజలు పంపు. పంపకపోయినా సరే. "అద్భుతం, అమోఘం, ఇలాంటిది పుట్టి బుద్ధెరిగి తాగలేదు" అని ఇప్పుడే రాసి పంపిస్తాను, అవసరమైనప్పుడు తీసి చూపించు. అన్నయ్యకి నా నోటి మీద అంత నమ్మకముంటే వాడుకోవద్దూ?

ఆ చెట్లు పోతాయంటే నాకు మాత్రం మనసు మనసులో ఉందా? నువ్వు కాపురానికొచ్చిన కొత్త నాకింకా కళ్ళకి కట్టినట్టే ఉంది. నిచ్చెన రెండో మెట్టు ఎక్కి బిక్కచచ్చిపోయావు. కింద నేను పడీ పడీ నవ్వుతున్నాను. కోడలికి ఎవరైనా గొలుసో గాజులో పెడతారు, మా అమ్మ నీ చేతిలో కొమ్మలు కత్తిరించే కత్తెర పెట్టి "ఈ వాలు నీది" అంది. దర్జీ కూతురికి కత్తెర కొత్తేంటి అని నువ్వు గొణిగావు చూడు, ఆ రోజే మా అమ్మకి నచ్చేశావు. ఇప్పుడు ఏ కొమ్మ ఉంచాలో ఏది తీయాలో నీకు తెలిసినట్టు అన్నయ్యకే తెలీదు. ఈ మాట వాడికి చదివి వినిపించు, కాస్త మండనీ.

అబద్ధం రాయనా వద్దా, త్వరగా చెప్పు. నా చెయ్యి దురద పెడుతోంది.

నీ తుఫాను

&nbsp;

తోట నుంచి,
కోతలు సాగుతుండగా

తుఫానమ్మా,

వద్దు. అబద్ధం చెప్పి ఆ చెట్లని నిలబెడితే, వాటి కింద నిలబడిన ప్రతిసారీ నాకు తలవంపులే. పోతే పోనీ, నిజంతోనే పోనీ. నా మీద ప్రేమతో ఒక్క మెతుకంత కూడా ఎక్కువ చేసి రాయకు. ఒట్టు వేయించుకుంటున్నాననుకో.

ఇన్ని నెలలు రాయలేదని అలగకు. కాయ ఆకుపచ్చగా ఉన్నన్నాళ్ళూ రాయడానికేం లేదు, ఎదురుచూడటమే. ఇప్పుడు ఎరుపెక్కింది. అత్తయ్య చెట్లు అన్నీ ఒకేసారి పండవు కదా, ఒకే గుత్తిలో ఒకటి ఎర్రగా, పక్కది పచ్చగా, ఇంకోటి అటూ ఇటూ కాకుండా ఉంటాయి. ముందు వాలులో కూలివాళ్ళు కొమ్మకొమ్మ దూసేస్తారు. ఇక్కడ నేనొక్కదాన్నే నిచ్చెన వేసుకుని, బాగా పండిన పండు ఒక్కొక్కటీ మెలితిప్పి కోస్తున్నాను. పండు నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంటుంది, కొత్తగా వేలు చప్పరించిన చంటిపిల్లలా నేను రోజంతా చప్పరిస్తూనే ఉన్నాను. మీ అన్నయ్య కింద నుంచి పోతూ "బుట్టలోకా పొట్టలోకా?" అంటారు.

కోసినవి ఆ పూటే నీళ్ళలో పోసి, తేలినవి తీసి పక్కన పెడతాను. మునిగినవి మరలో వేసి తిప్పితే తోలు ఒక పక్కకీ, గింజ ఒక పక్కకీ పడతాయి. గింజ ఒంటినిండా బంక. తొట్టిలో పోసి పులియనివ్వాలి. ఇక్కడే ఉంది ఆయువుపట్టంతా. తక్కువ పులిస్తే బంక వదలదు, ఎక్కువ పులిస్తే వెనిగర్ కంపు పట్టి మొత్తం సరుకూ నాశనం. అత్తయ్య గడియారం చూసేవారు కాదు. చెయ్యి ముంచి గుప్పెడు గింజలు నలిపేవారు. జారుతుంటే ఇంకా ఆగు, గరగరమంటే కడిగెయ్. చలిగాలి వీస్తే ఆలస్యం, ఎండ కాస్తే తొందర, చెయ్యి మాత్రం ఎప్పుడూ సరిగ్గా చెబుతుంది. నా చేతికి ఆ గరగర మొదటిసారి తెలిసిన రోజు అత్తయ్య నా అరచెయ్యి పట్టుకుని నవ్వారు. ఇవాళ కూడా నలిపి చూస్తుంటే ఆవిడ పక్కనే నిలబడ్డట్టు అనిపించింది.

కడిగిన గింజల్ని వల పరిచిన బల్లల మీద ఆరబోశాను. మధ్యాహ్నం ఎండకి గుడ్డ కప్పుతాను, మంచుకి గుడ్డ కప్పుతాను, మబ్బు కనబడితే పరుగెత్తుతాను. పసిబిడ్డకైనా ఎవరూ ఇన్నిసార్లు దుప్పటి కప్పరు. మీ అన్నయ్య చూసి చూసి, "ఇంత శ్రద్ధ నా మీదెప్పుడైనా పెట్టావా?" అన్నారు. మీరు తాలని తెలిసిపోయింది కదా, అన్నాను. నవ్వారు. పాపం, మంచి మనిషే, చెట్ల దగ్గరే మొండి.

నీ వదిన

&nbsp;

టౌన్లో, కొట్టు నుంచి

వదినా,

ఒట్టు వేయించుకున్నావుగా, ఇక చచ్చినట్టు నిజమే రాయాలి. నీలాంటి మనిషితో పొత్తు పెట్టుకోవడం నాదే బుద్ధితక్కువ.

నువ్వు రాసిన గరగర సంగతి మా ఆయనకి చదివి వినిపించాను. "మీ వదిన ఇంత పని చేస్తుందా!" అని నోరెళ్ళబెట్టాడు. మరేమనుకున్నావు, అన్నాను. నిజంగా వదినా, గర్వంగా ఉంది. మా అమ్మ చెయ్యి కూతురికి రాలేదు, నీకొచ్చింది. నాకేం కుళ్ళు లేదులే, కొంచెం ఉంది.

నా వంతు కూడా తక్కువేం కాదు. నీ గింజల కోసం, వేయించే ఇనప డోలు ముందే కడిగి పెట్టాను. నిప్పు ఎక్కువైతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, తక్కువైతే వేగకుండా ఉడికి చప్పబడిపోతుంది. ముందు పచ్చగడ్డి వాసన, తర్వాత కాల్చిన రొట్టె వాసన, ఆ తర్వాత గింజ చిటపటమంటుంది. ఆ చిటపట కోసం కొట్లో అందరినీ నోరు మూసుకోమంటాను. అది వినబడ్డాక ఎప్పుడు దించాలన్నదే విద్య. మీ గింజలకి ఎక్కడ ఆపాలో వాటినే అడుగుతాను. పంపు తల్లీ, త్వరగా పంపు.

నీ తుఫాను

&nbsp;

తోట నుంచి

తుఫానమ్మా,

గింజలు బస్సులో వస్తున్నాయి. రోట్లో మెల్లగా దంచి, పొట్టు చెరిగి, విరిగిన ముక్కలు ఏరి తీశాను. నీలిపచ్చగా, నిండుగా ఉన్నాయి. చేతిలోంచి జారవిడిస్తే గులకరాళ్ళ చప్పుడు.

సంచి దగ్గరే చిక్కొచ్చింది. కొత్త గోనెలన్నీ కిరోసిన్ డబ్బా పక్కన పెట్టారెవరో, ఒకటే కంపు. కాఫీ గింజ పక్కనున్న వాసనంతా పీల్చేసుకుంటుందని నీకు చెప్పాలా? ఇంట్లో శుభ్రమైనదంటూ ఉన్నది నీలం అతుకు సంచే. ఉతికి, ఎండేసి, అందులో పోశాను. ఇంటి తాలు ఒక కొత్త గోనెలో పడేశాను, కంపు కొడితే కొట్టనీ, ఎలాగూ మాడ్చేదే.

బస్సతను ఇవాళ వేళకంటే ముందే హారన్ కొట్టేశాడు. నేను వెనక వాలులో ఉన్నాను. వచ్చేసరికి మీ అన్నయ్యే మోసుకెళ్ళి ఎక్కించేశారట. "ఓడిపోయే పందేనికి నేనే మూట మోశాను, చూడు నా మంచితనం" అన్నారు. ఆయనకి దండం పెట్టాను.

ఇక నాకు తిండి సయించదు. త్వరగా రాయి.

నీ వదిన

&nbsp;

టౌన్లో, కొట్టు మీద గది నుంచి

వదినా,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చించాను, మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ చించాను. నా నోటికి అడ్డూ ఆపూ లేదంటారు కదా అందరూ, ఇవాళ చెయ్యి కదలట్లేదు.

బాగాలేదు వదినా.

సంచి విప్పి గుప్పెడు తీసి చూశాను. గింజలు తెల్లగా పాలిపోయి, ముడుచుకుపోయి, ఎత్తితే బరువే లేవు. చెట్లు ముసలివైపోయాయి, గింజలో పట్టు లేదు అనుకున్నాను. అయినా ఆశ చావలేదు. నిప్పు తగ్గించి వేయించాను, పెంచి వేయించాను. చిటపట ఒక్కసారిగా రాలేదు, అక్కడొకటి ఇక్కడొకటి దిక్కూ మొక్కూ లేకుండా పేలాయి. తాగితే తడిసిన గోనె నాకినట్టుంది. వెనకాల ఎక్కడో కిరోసిన్ ఛాయ కూడా తగిలింది, బస్సులో పట్టుకుందేమో. ఆ రుచి ఎందుకో నాకు బాగా తెలిసిన రుచే అనిపించి ఇంకా బాధేసింది.

మా ఆయన "బాగుందని రాసెయ్, ఏం పోయింది" అన్నాడు. రాసేద్దామనే కూర్చున్నాను. నీ ఒట్టు గుర్తొచ్చింది. నిచ్చెన మీద ఒక్కో పండూ మెలితిప్పిన మనిషికి అబద్ధం రాస్తే నేను నీ ముఖం ఎలా చూడను? అన్నయ్యకి వేరే కాగితం మీద రెండు ముక్కలు రాసి ఇందులోనే పెట్టాను. అది వాడికివ్వు. ఇవ్వకుండా పొయ్యిలో పడేసినా నేనేమీ అనను.

ఏడుస్తూ రాశాను, అక్షరాలు అలికిపోయాయి, ఏమనుకోకు.

తుఫాను

&nbsp;

తోట నుంచి

అమ్మాయ్,

నిజం రాసినందుకు నా తల్లివి. కాగితం ఆయనకిచ్చేశాను. గెలిచానన్న సంబరమేమీ పడకుండా చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. మేస్త్రీకి కబురు పెట్టారు. వచ్చే వారం రంపాలు తెచ్చుకుని వస్తారట.

ముందు వేయించి ఉంచిన పొడి అయిపోయింది, మళ్ళీ వేయించలేదు, కాఫీ మానేశాను. ఆ వాసన పడట్లేదు.

వదిన

&nbsp;

తోట నుంచి

తుఫానమ్మా! ఒసే తుఫానూ!

కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు.

ఇవాళ పొద్దున్నే మేస్త్రీ మనుషులతో వచ్చాడు. వాళ్ళు వెనక వాలుకి దిగుతుంటే చూడలేక, వంటింట్లోకొచ్చి తలుపేసుకుని కూర్చున్నాను. మీ అన్నయ్య తలుపు తట్టి లోపలికొచ్చారు. నేను కాఫీ చెయ్యడం మానేసిన దగ్గర్నుంచీ ఆయనకి తలనొప్పి. మూలనున్న సంచిలోంచి గుప్పెళ్ళు తీసి తనే మూకుట్లో పోశారు. ఆయనకి ఓపికెక్కడిది? చిటపటమనగానే "ఇక చాలు, పొగ నా వల్ల కాదు" అని దించేశారు. నేనైతే బొగ్గయ్యేదాకా దించను కదా. నూరి, కాచి, నాకొక గ్లాసు తెచ్చి ముందు పెట్టారు. "కోపం నా మీద, కాఫీ ఏం చేసింది?" అన్నారు. బయట రంపం చప్పుడు మొదలైంది. ఏడుపు దిగమింగుకోవడానికైనా ఏదో ఒకటి గొంతులో పోసుకోవాలని తాగాను.

అమ్మాయ్, నేనెలా చెప్పేది! ముందు పువ్వు వాసన. పూత విచ్చిన రోజు తల తిరిగిందని రాశానే, అదే. తర్వాత చెట్టు మీద పండు చప్పరించినప్పటి తీపి. చేదు ఉందా అంటే ఉంది, అలా వచ్చి మర్యాదగా వెళ్ళిపోయింది. గ్లాసు దించి మీ అన్నయ్యని చూశాను. ఆయన గ్లాసులోకి చూస్తున్నారు.

"మన తాలు ఇలా ఉండదే, తుఫాను పంపిందా ఇవి?" అన్నారు. "ఏ తోటవో కనుక్కో. కాఫీ అంటే ఇదీ! ఆ మొక్కలే తెచ్చి వెనక వాలంతా నాటేద్దాం. ఇలాంటి చెట్టుంటే దోసెడు కాసినా నెత్తిన పెట్టుకుంటాను."

లేచి మూలకెళ్ళి సంచి వెలుగులోకి లాగాను. నీలం అతుకు. చెయ్యి పెడితే నీలిపచ్చ గింజలు, గులకరాళ్ళలా.

"మీరు బస్సులో ఏ సంచి ఎక్కించారు?" అన్నాను. "కొత్త గోనె. అతుకు సంచి మనింటిది కదా, అది ఎవరైనా పంపుతారా? గుమ్మంలో రెండూ పక్కపక్కనే ఉంటే, దాన్ని తీసుకొచ్చి వంటింట్లో పెట్టేశాను" అన్నారు. ఆయన్ని ఏమని తిట్టను? పుట్టినప్పట్నుంచీ ఆ సంచిలో తాలు తప్ప ఇంకోటి చూసిన మనిషి కాదు. తాలు నీకెళ్ళింది, మంచిది మనింట్లో మిగిలిపోయింది. గింజ పాలిపోయిందనీ, కిరోసిన్ ఛాయనీ నువ్వు రాసినా, 'బాగాలేదు' అన్న మాట తప్ప ఇంకేదీ నా బుర్రకెక్కలేదు. ఈ ఇంట్లో తప్ప ఇంకెక్కడైనా జరుగుతుందా ఈ ఘోరం?

నేను విషయం పూర్తిగా చెప్పనేలేదు, ఆయన గ్లాసు పక్కన పడేశారు. చెప్పుల్లేకుండా పరుగెత్తారు. ఆ వాలులో ఆయన అరిచిన అరుపుకి మేస్త్రీ రంపం పారేశాడట. నేను వెనకాలే పడుతూ లేస్తూ వెళ్ళేసరికి అంచునున్న చెట్టు ఒక్కటి నేల మీదుంది. మీ అన్నయ్య దాని పక్కన కూలబడి, కోసిన చోట చేత్తో రాస్తున్నారు. "అమ్మ చెట్టు కొట్టించేశానే" అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు నేను మొదటిసారి చూశాను. మోకాలెత్తు మోడు మిగిలే ఉంది, ఏటవాలుగా చెక్కి మట్టి పూస్తే చిగురేస్తుంది, అత్తయ్య నేర్పారు, అన్నాను. కత్తి తెచ్చారు. నేను చెప్పినట్టల్లా చెక్కారు, మళ్ళీ ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

మేస్త్రీకీ మనుషులకీ అదే కాఫీ పోసి పంపాను. సంచి ఇంకా దాదాపు నిండుగానే ఉంది. ఈసారి నేనే బస్సు దాకా మోసుకెళ్ళి, నేనే ఎక్కిస్తాను.

నీ వదిన

&nbsp;

టౌన్లో, కొట్టు నుంచి

వదినా,

నీ ఉత్తరం చదివి కొట్లోనే గెంతాను. ఆ పెద్దాయన మళ్ళీ వచ్చి ఉన్నాడు, ఈసారి నవ్వాడు.

తెలిసిన రుచి అని రాశానే! తెలియకేం, పాలు మానిన దగ్గర్నుంచీ మన వంటింట్లో తాగిందే కదా. గింజ పాలిపోయుంటే తాలని ఎవరైనా పట్టేస్తారు. అతుకు సంచిలో పంపానని నువ్వు రాసినా, కొత్త గోనె వచ్చినప్పుడైనా నాకు తట్టలేదు. నువ్వు పంపింది తాలెలా అవుతుంది అని నా ధీమా. నా మొహానికి ఈ కొట్టొకటి!

అసలైన సంచి నిన్న అందింది. కొట్టు తలుపులు మూసేసి వేయించాను. చిటపట మొదలైందంటే, వదినా, అన్నీ కలిసి ఒక్క మాట మీద. అన్నయ్య ఓపిక లేక దించిన చోటే నేనూ దించాను, ఆ గింజలు అక్కడే ఆపమన్నాయి. మా ఆయన ఒక గుక్క తాగి, వెళ్ళి కుర్చీ తెచ్చుకుని కూర్చుని మిగతాది తాగాడు. నిలబడి తాగే కాఫీ కాదట. పెద్దాయనకీ ఇచ్చాను. ఈ చెట్లు ఎవరు పెంచారని అడిగాడు. మా అమ్మ నాటింది, మా వదిన పెంచింది అన్నాను. ఆ మాట నా నోటితో చెప్పేటప్పుడు ఎంత బాగుందో.

వెనక వాలు గింజ ఏడాదికి ఎంత కాస్తే అంతా నాకే కావాలి. అన్నయ్య బేరం నాతో ఆడాలి, ఇంటి ఆడపిల్లననే మొహమాటం పెట్టుకోవద్దని చెప్పు. అన్నయ్యకి వేరే కాగితం రాశాను. మొదటిదాని మీద కొట్టివేత అన్నమాట.

రాత్రి గ్లాసు ముందు పెట్టుకుంటే అమ్మ గుర్తొచ్చింది. ఆ చెట్లు మొక్కలుగా ఉన్నప్పుడు తనే నీళ్ళు మోసింది. తనే కోసింది, నలిపి చూసింది, కడిగింది. మంచివన్నీ సంచులకెత్తి పంపేసి, ఆ నీలం అతుకు సంచిలో తాలు మాడ్చుకుని తాగింది. అదే బాగుందనేది కూడా. తన చెట్ల కాఫీ ఎలా ఉంటుందో తెలియకుండానే పోయింది వదినా, ఒక్క గుక్కైనా తాగలేదు.

అందుకని సగం గింజలే ఉంచుకున్నాను. మిగతా సగం వేయించి, అతుకు సంచిలోనే పోసి, బస్సులో వెనక్కి పంపుతున్నాను. మాడ్చే పని లేదు. నూరి, కాచి, నువ్వు ముందు తాగు. అన్నయ్యకి తర్వాత పొయ్యి. ఆ సంచి ఇంక వంటింటి మూలే ఉండాలి, అందులో ఇక మీదట మునిగిన గింజే పొయ్యాలి. వచ్చే కోతలకి నేనూ వస్తున్నాను. నిచ్చెన రెండో మెట్టు మీద నిలబడి బిక్కచచ్చిపోతాను, కింద నువ్వు నవ్వుదువుగాని.

నీ తుఫాను